రెండోసారి అడిగేదాకా

మా బావగారు ఎలీయాజరు మాస్టారికి కాఫీ ఇవ్వాలంటే మూడుసార్లు అడగాలి. మొదటిసారి "అబ్బే, ఇప్పుడే తాగొచ్చానండి" అంటారు. రెండోసారి "మీకెందుకండీ శ్రమ" అంటారు. మూడోసారికి చెయ్యి జాపుతారు. జాపాక రెండు గ్లాసులు తాగుతారు, అది వేరే సంగతి. ఆకివీడు నుంచి కొల్లేటికోట దాకా ఈ ముచ్చట తెలియని ఇల్లు లేదు. దోనె నడిపే కొండయ్య కూడా గట్టున నిలబడ్డ మాస్టారిని చూసి "ఎక్కండి మాస్టారూ" అని మూడు విడతలుగా పిలిచి, ఆ మధ్యలో తాపీగా చుట్ట ముట్టించుకునేవాడు.

నన్నడిగితే ఇందులో ఆయన తప్పు సగమే. మా వైపు మనుషులందరికీ ఉన్న జబ్బే ఇది. పెట్టేవాళ్లు బతిమాలాలి, తినేవాళ్లు వద్దు వద్దనాలి. అడగ్గానే పుచ్చుకున్నవాణ్ణి, పాపం ఎన్నాళ్లయిందో తిని, అన్నట్టు చూస్తాం. తక్కినవాళ్లకి ఈ మర్యాద పైపై తడి. ఆరిపోతుంది. మా బావగారికి మాత్రం ఎముకల్లోకి దిగింది. ఒకసారి బడి చూడ్డానికొచ్చిన ఇన్‌స్పెక్టరుగారు "హెడ్మాస్టరు పని మీరు చూస్తారా?" అని అడిగితే, "అంతటివాణ్ణా అండీ నేను" అన్నారు. ఇన్‌స్పెక్టరుది మా జిల్లా కాదు. అంతటివాడు కాదని రాసుకుని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి బావగారు ఇరవయ్యేళ్లుగా రెండో మాస్టారే. దాని గురించి ఎవరైనా ఎత్తితే, "ఆయన పెద్దమనిషేనండి, కానీ అడగడం తెలీదు" అంటారు.

నేను ఆయన బావమరిదిని. పేరు వరదానం. వాళ్లావిడ సారమ్మ మా అక్క. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో కాటా గుమాస్తాని. నాక్కూడా చిన్నప్పుడు కాస్త మొహమాటం ఉండేది గాని, మిల్లులో చేరాక ఊకతోబాటే ఎగిరిపోయింది.

ఇక అసలు సంగతి. బావగారి కూతురు రాజకుమారికి నర్సు చదువు చదవాలని. ఊరికే పుట్టిన కోరిక కాదు అది. పంతొమ్మిదివందల ముప్ఫైనాలుగు వరదల్లో, పక్కింటి మరిడమ్మని కాన్పుకి దోనెలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, గుర్రపుడెక్కలో దోనె చిక్కుకుంది. కాన్పు అక్కడే అయింది. పక్కన ఉన్నది పదహారేళ్ల రాజకుమారి ఒక్కతే. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. ఆ పిల్ల ఇంటికొచ్చిన మూడో రోజు "నాకేవీ తెలీదు నాన్నగారూ, ఏం చెయ్యాలో తెలీలేదు" అని ఏడ్చి, నర్సు చదువు చదివించమంది. అప్పట్నుంచీ అదే మాట. తండ్రి ఇంగ్లీషు రీడర్లన్నీ తిరగేసింది. మిషను డిస్పెన్సరీలో కట్లు కట్టడం నేర్చుకుంది.

మా మిషనులో పనిచేసి, ఇంగ్లండు సీమకి వెళ్లిపోయిన బార్లో దొరగారికి ఒక చెల్లెలుంది. ఢిల్లీలో ఆడవాళ్ల ఆసుపత్రిలో డాక్టరు. దొరగారు వెళ్తూ వెళ్తూ ఆవిడకి ఈ పిల్ల గురించి ఒక ముక్క రాసి వెళ్లారు. ముప్ఫైయ్యారులో దసరా వెళ్లాక ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఢిల్లీ చూడ్డానికి మీరూ మీ భార్యా రండి, అమ్మాయి సంగతి కూడా మాట్లాడుకుందాం, అని. సరిగ్గా ఆ ఏడే తుఫాను కొట్టి, కొల్లేరు పొంగి, బడిలో మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. పిల్లల బల్లల మీద కప్పలు పాఠాలు చెప్పుకుంటున్నాయి. బడి మూసేశారు. అంతకంటె మంచి సెలవు దొరకదు.

"పిల్లని కూడా తీసుకెళ్దాం అండీ. ఆవిడ కళ్లతో చూస్తే తీసేసుకుంటుంది" అంది మా అక్క.

"తప్పు కాదుటే" అన్నారు బావగారు. "పిల్లని వెంటబెట్టుకెళ్తే అడగడానికొచ్చినట్టుంటుంది."

"మరి అడగడానికే కదండీ వెళ్లడం."

"మనం ఢిల్లీ చూడ్డానికి వెళ్తున్నాం. వాళ్లే మాట ఎత్తుతారు."

అలా, చదువుకోవలసిన పిల్ల ఊళ్లో ఉండిపోయింది. దాని చదువు కోసం మేం ముగ్గురం ఊరు చూడ్డానికి బయలుదేరాం. నన్నెందుకు తీసుకెళ్లారంటే, బుట్టలు మొయ్యడానికి. అరిసెలు ఒక డబ్బా, మామిడితాండ్ర ఒక చాప, ఎండుచేపలు ఒక బుట్ట. బెజవాడలో గ్రాండ్ ట్రంకు రైలు ఎక్కాం. ఆ ఎండుచేపల బుట్ట పుణ్యమా అని మా పెట్టెలో ఢిల్లీ దాకా కాళ్లు చాపుకుని కూర్చున్నాం.

ఢిల్లీలో దిగేసరికి మా కార్తీకమాసం వెళ్లి వారం. మాకు అది దుప్పటి కప్పుకునే చలి. అక్కడ అది పళ్లు కొరికించే చలి. స్టేషను బయట నిలబడగానే మా అక్క "ఏవండీ, మీ నోట్లోంచి పొగొస్తోంది" అంది. బావగారు చుట్ట ముట్టని మనిషి. ఇరవయ్యేళ్లుగా పొగ తాగొద్దని ఆదివారం బడిలో పిల్లలకి చెప్పినవారు. డాక్టరమ్మ చూస్తే ఏమనుకుంటుందోనని కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ కారు దిగి పలకరిస్తే, ఆవిడ నోట్లోంచి కూడా పొగ వచ్చింది. అయినా ఈయన కండువా తియ్యలేదు.

బార్లో డాక్టరమ్మ నలభై దాటిన మనిషి. పొడుగ్గా, బక్కగా ఉంది. మాట తిన్నగా అంటుంది, విన్న మాట విన్నట్టు నమ్ముతుంది. ఆవిడకి తెలుగు రాదు. బావగారి ఇంగ్లీషు పుస్తకంలో అచ్చేసినట్టుంటుంది. నాది మిల్లు ఇంగ్లీషు, అతుకుల బొంత, కానీ పని జరుగుతుంది. మా అక్కకి ఏదీ రాదు.

ఇంటికి చేరగానే బావగారు అరిసెల డబ్బా, తాండ్ర, చేపలు ముందు పెట్టి, "ఏదో, మా పల్లెటూరి సరుకు" అన్నారు. ఇప్పుడావిడ "ఎందుకండీ ఇవన్నీ" అనాలి. ఈయన బతిమాలాలి. ఆవిడ "థాంక్యూ" అని మూడూ ఎత్తుకుని లోపల పెట్టేసింది. బావగారు తెల్లబోయారు. నా చెవిలో, "ఒక్కసారి కూడా వద్దనలేదు చూసేవా?" అన్నారు. ఆవిడ మీద జాలి కూడా పడ్డారు.

కాసేపటికి ఆవిడ అలమారు తెరిచి, తన అన్నగారు వదిలిపెట్టిన ఉన్ని ఓవర్‌కోటు తీసి, "ఇది వేసుకుంటారా?" అని అడిగింది. బావగారి దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు మధ్యనే "అబ్బే, నాకు చలి లేదండీ" అన్నారు. ఆవిడ సరేనని కోటు మళ్లీ అలమారులో తగిలించి తలుపేసింది. నాకు ఉన్ని మఫ్లరు చూపించింది. నేను ఆవిడ మాట పూర్తికాకుండానే మెడకి చుట్టుకున్నాను. మా అక్కకి శాలువా ఇచ్చింది. అక్క తీసుకుని కప్పుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని నవ్వింది. తరవాత గదిలో బావగారు మా ఇద్దర్నీ "ఆశపోతు జనం" అని తిట్టారు. వణుకుతూ తిట్టడం వల్ల తిట్టు సరిగా రాలేదు.

ఆ సాయంకాలం భోజనాల బల్ల దగ్గర జరిగింది అసలు కథ. సూపు, రొట్టె, ఉడకేసిన దుంపలు. డాక్టరమ్మ "ఇంకాస్త?" అంటుంది. బావగారు "చాలండి" అంటారు. నౌకరు కంచం తీసుకుపోతాడు. బావగారు వెళ్లిపోతున్న కంచం వంక చూస్తారు. అలా మూడు కంచాలు వెళ్లిపోయాక, ఆవిడ చేతులు తుడుచుకుని అంది. "మాస్టరుగారూ, మీ అమ్మాయి గురించి మా అన్నయ్య రాశాడు. మా నర్సుల బడిలో ఒక చోటు ఖాళీ ఉంది. ఒక్కటే. మీ అమ్మాయికి ఉంచమంటారా?"

అంతే. ఇంతకంటె సూటిగా దేవుడు కూడా అడగడు. దీనికోసమే మేం రెండు పగళ్లు రైలు పొగ మింగుతూ వచ్చాం. బావగారి మొహం వెలిగిపోయింది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, నేను చూశాను. నోరు తెరిచారు. తెరిచి, "అబ్బే, మా పిల్ల కోసం మీకెందుకండీ ఇంత శ్రమ. వద్దండీ" అన్నారు.

ఆవిడ "అలాగే. మీ ఇష్టం" అంది. అని, రేపు పొద్దున్న ఎర్రకోట చూద్దామంది.

నాకు సంగతంతా అర్థమైంది. నేను పక్కనే కూర్చున్నాను. ఆవిడకి ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. కానీ బావగారి మాటకి అడ్డం వెళ్లడం బావమరిదికి మర్యాద కాదు కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా కాదు. ఈ వద్దండీ కథ మిల్లులో చెప్తే హమాలీలు బస్తాలు దించేసి నవ్వుతారని అప్పుడే లోపల మాటల వరసలు కట్టుకుంటున్నాను.

గదిలోకి వచ్చాక అక్క అడిగింది. "ఏవన్నారండీ? పిల్ల మాట ఎత్తేరా?"

"ఎత్తేరు. నేను చెప్పలేదూ, వాళ్లే ఎత్తుతారని" అన్నారు బావగారు గొప్పగా.

"మరి మీరేవన్నారు?"

"అనాల్సింది అన్నాను. మనం ఎగబడకూడదు. రేపు మళ్లీ అడుగుతారు."

అక్క నమ్మింది. నేను మఫ్లరు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను.

మర్నాడు ఎర్రకోట. లోకంలో ఎంతోమంది ఎర్రకోటని చూసుంటారు. మా బావగారు మాత్రం ఎర్రకోటలో డాక్టరమ్మ మొహాన్ని చూశారు. ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా ఈయన మెడ ముందుకు సాగుతుంది. ఆవిడ "ఇక్కడ నెమలి సింహాసనం ఉండేది" అంటుంది. ఈయన "ఆహా, చిత్తం" అంటారు, మొహం వాడిపోతుంది. పాలరాతి మంటపం దగ్గర ఈయన చెప్పులు విడిచేశారు. "ఇక్కడ విడవక్కర్లేదండి" అంది ఆవిడ. "పర్వాలేదండి" అన్నారు. ఆ చలికి ఆ రాయి ఎలా ఉంటుందో చెప్పలేను. గంటసేపు ఈయన ఒక కాలి మీద ఒక కాలు మార్చుకుంటూ కొంగ నిలబడ్డట్టు నిలబడి, బాదుషాల వైభవం విన్నారు.

చాందినీ చౌకులో ట్రాములు చూశాం. వేడి వేడి జిలేబీలు చూశాం. "తింటారా?" అందావిడ. "అబ్బే" అన్నారు ఈయన. నేనూ అక్కా తిన్నాం. ఆ తరవాత బావగారు మా వెనకాల ఆగి, వేరుశనక్కాయలు కొని, జేబులోనే వలుచుకుని, ఎవరూ చూడకుండా నోట్లో వేసుకోవడం నా కంట పడింది. బడిలో పిల్లాడెవడైనా ఆ పని చేస్తే గోడకుర్చీ వేయించే మనిషి. కొత్త ఢిల్లీలో వైస్రాయిగారి మేడని దూరం నుంచి చూపించిందావిడ. అక్క చాలాసేపు చూసి, "ఎవరు తుడుస్తారండీ ఇదంతా?" అంది. ఆ రోజు మేం చూసిన వింతల మీద పనికొచ్చే మాట అదొక్కటే.

సాయంత్రానికీ ఆవిడ రెండోసారి అడగలేదు. బావగారు కాస్త కలవరపడ్డారు గాని, "ఊరు చూపిస్తున్నారు కదా, పని మాటలు మధ్యలో ఎందుకని ఆగేరు. బాగా మర్యాద తెలిసిన మనిషి" అన్నారు.

మూడో రోజు కుతుబ్ మీనారు. ఆ ఆవరణలో ఒక ఇనపస్తంభం ఉంది. దానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చుట్టి, రెండు చేతులూ కలపగలిగితే కోరుకున్నది అవుతుందని అక్కడివాళ్లు చెప్పారు. డాక్టరమ్మ నవ్వి "ప్రయత్నించండి" అంది. బావగారు క్రైస్తవులు, ఇలాంటివి నమ్మరు. అయినా నమ్మాలనిపించిందో ఏమో, వరసలో నిలబడ్డారు. వెనక ఎవరో మార్వాడీ కుటుంబం వచ్చింది. "ముందు మీరు కానివ్వండి" అని పక్కకి జరిగారు. ఆ కుటుంబంలో పద్నాలుగు మంది. వాళ్ల తరవాత ఇంకో జట్టు. వాళ్లకీ దారి ఇచ్చారు. ఇలా ఊళ్లోవాళ్లందరి కోరికలూ తీరాక ఈయన మళ్లీ వరస చివరికి చేరారు. ఈలోగా డాక్టరమ్మ మీనారు ఎక్కుదాం రమ్మంది.

"మాస్టరుగారూ, ఎక్కుతారా?"

"అబ్బే, నేనెందుకండీ."

"సరే" అని ఆవిడ మా అక్క వైపు తిరిగి, చేత్తో పైకి చూపించింది. అక్క చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని ఆవిడ వెనక బయలుదేరింది. ఒకరి మాట ఒకరికి రాని ఇద్దరాడవాళ్లు మెట్లెక్కి పోతుంటే, బావగారూ నేనూ కింద గడ్డి మీద కూర్చున్నాం. ఈయన మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, కండువా చెవులకి చుట్టుకుని, పైనే చూస్తున్నారు. అంత దూరం వచ్చి కింద కూర్చున్న మనిషిని చూసి నాకు ఆ రోజు మొదటిసారి కొంచెం బాధేసింది.

"బావగారూ, రేపు మన ప్రయాణం" అన్నాను. "ఆవిడ అడిగేటట్టు లేదండీ. మీకు వద్దనే అనుకుంటోంది. నేను చెప్పమంటారా?"

ఆయన నా వైపు తిరిగారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అబ్బే, వద్దు వరదానం. బాగుండదు" అన్నారు.

సరే అన్నాను. పైన మొదటి వసారాలో మా అక్క నిలబడి మాకు చెయ్యి ఊపుతోంది. నేను కూడా ఊపాను.

అక్క దిగి వచ్చేసరికి బుగ్గలు ఎర్రబడ్డాయి, మనిషిలో కొత్త హుషారు. "ఆవిడ మంచిదండీ. పడిపోతానేమోనని నా చెయ్యి వదల్లేదు. ఇలాంటి మనిషి దగ్గర పిల్లని ఎన్నాళ్లయినా ఉంచచ్చు" అంది. బావగారు కండువాతో మొహం తుడుచుకుంటూ కారు వైపు నడిచారు. అలా తప్పుకోవడం అక్కకి తగిలింది.

ఇంటికొచ్చాక టీ తాగుతూ నన్ను వరండాలోకి పిలిచింది. "తమ్ముడూ, దాచకుండా చెప్పు. మొన్న ఆవిడేం అడిగింది, ఈయనేం అన్నారు?"

చెప్పాను. అక్క టీ కప్పు పిట్టగోడ మీద పెట్టింది. నన్ను తిట్టలేదు. "లే. నాతో రా. నేనన్నది అన్నట్టు చెప్పు, నీ సొంతం కలపకు" అంది.

డాక్టరమ్మ రాతబల్ల దగ్గర ఉంది. బావగారు అక్కడే ఒక మూల కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు, ఇంకా రెండోసారి కోసం. అక్క తిన్నగా వెళ్లి, "అమ్మా, మా పిల్లని పంపుతాం. ఆవేళ ఈయన వద్దన్నది వద్దని కాదు. ఆ పిల్ల రెండేళ్లుగా దీనికోసమే బతుకుతోంది. తీసుకోండమ్మా" అంది. నేను అన్నది అన్నట్టే చెప్పాను.

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "మాస్టరుగారు వద్దన్నారు కదా. నిన్న పొద్దున్నే ఇంకో అమ్మాయికి టెలిగ్రాం ఇచ్చాను. వస్తున్నానని జవాబు కూడా వచ్చేసింది. మళ్లీ చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందో నేను చెప్పలేను" అంది. బావగారి వైపు తిరిగింది. "మీకు కావాలనే ఉంటే వద్దని ఎందుకన్నారు?"

బావగారు లేచి నిలబడ్డారు. "మీరు మళ్లీ అడుగుతారనుకున్నానండి" అన్నారు.

"ఎందుకు అడుగుతాను? మీరు చెప్పారు కదా."

మా జిల్లా మొత్తం వచ్చి నిలబడినా ఆవిడకి జవాబు చెప్పలేదు. ఆవిడ మొహంలో కోపం లేదు, నిజమైన బాధే ఉంది. అలమారు తెరిచి ఆ ఓవర్‌కోటు తీసి, ఈసారి అడక్కుండా ఆయన భుజాల మీద కప్పింది. ఈయన దాన్ని వద్దనలేదు. ఆ కోట్లో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మిల్లులో చెప్పడానికి నేను కట్టుకున్న వరసలన్నీ అప్పుడు నాకు అసహ్యమనిపించాయి.

తిరుగు ప్రయాణంలో మా అక్క భర్తతో మాట్లాడింది ఒకే ఒక్క మాట. బల్హార్షా స్టేషను దాటాక రొట్టెల డబ్బా తెరిచి, "తింటారా?" అంది. ఈయన అలవాటు కొద్దీ "అబ్బే" అన్నారు. అక్క డబ్బా మూత పెట్టి, కాళ్ల కింద పెట్టుకుని, కిటికీ వైపు తిరిగింది. పెళ్లయి ఇరవైరెండేళ్లు, ఆవిడ ఆయన్ని మూడుసార్లు అడక్కుండా ఉన్నది అదే మొదలు. బెజవాడలో నేను ఇడ్లీలు తెచ్చి ఒళ్లో పెడితే, ఎవరూ ఏమీ అనకుండానే తిన్నారు.

ఆకివీడు స్టేషనుకి రాజకుమారి ఎదురొచ్చింది. కొండయ్య దోనెలో వచ్చిందట, చీర అంచు ఇంకా తడిగానే ఉంది. మేం దిగీ దిగకుండానే మా ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. ఏ మొహంలోనూ తనకి కావలసింది కనబడలేదు.

"ఢిల్లీ బాగుందమ్మా" అన్నారు బావగారు. ఆయన ఒంటి మీద ఆ ఉన్ని కోటు అలాగే ఉంది. మా ఊరి ఎండకి చెమటలు కారుతున్నా తియ్యలేదు. "కుతుబ్ మీనారు ఎంత ఎత్తు అనుకున్నావు" అని మొదలెట్టారు. మధ్యలో ఆపేసి, కోటు గుండీ తడుముకున్నారు.

అక్క అందుకుంది. "చోటు ఉందన్నారమ్మా. ఉంచమంటారా అని ఆవిడే అడిగింది. మీ నాన్నగారు మర్యాదకి వద్దన్నారు. వేరే పిల్లకి ఇచ్చేశారు."

నేను రాజకుమారి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తండ్రి వంక చూసి, ఆయన చేతిలోంచి పరుపుచుట్ట తను తీసుకుంది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. ఏం జరిగి ఉంటుందో దానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తరవాత నా వైపు తిరిగింది.

"మావయ్యా, మీకూ ఇంగ్లీషొచ్చు కదండీ. మీరక్కడే ఉన్నారు కదా."

"ఉన్నానమ్మా" అన్నాను. "నేను ఆవిడతో చెప్పమంటారా అని మీ నాన్నగారిని అడిగాను కూడా. ఆయన వద్దన్నారు."

రాజకుమారి నా కళ్లలోకి చూసింది. గొంతు పెంచలేదు, మర్యాద తప్పలేదు.

"ఎన్నిసార్లడిగేరండీ?" అంది.

గట్టు దగ్గర కొండయ్య దోనె కట్టేసి ఉంది. నేను ఖాళీ బుట్ట పట్టుకుని అందరికంటె ముందు అటు నడిచాను.